రెసొనేటర్ గిటార్ కొనేముందు, కొన్నాక: కోన్ నుంచి శ్రుతి దాకా

హనుమకొండలో, కాజీపేటలో గిటార్ వాయించేవాళ్లకు కొదవ లేదు. చర్చి క్వయర్లలో నేర్చుకున్నవాళ్లు, కాలేజీ బ్యాండ్లలో మొదలుపెట్టినవాళ్లు, యూట్యూబ్ చూసి సొంతంగా పట్టుకున్నవాళ్లు ఉన్నారు. రెసొనేటర్ గిటార్ చేతిలోకి తీసుకున్నవాళ్లు మాత్రం చాలా తక్కువ. దాని సౌండ్ ఎక్కడో విని మనసు పారేసుకుంటారు. రేటు చూసి కాస్త టెన్షన్ పడతారు. చివరికి ఫొటోలో ఏది బాగా మెరిస్తే అది ఆర్డర్ పెడతారు. అది వచ్చాక రెండు మాటలు వింటుంటాను: "నేను విన్న సౌండ్ ఇది కాదన్నా" అని ఒకటి, "గరగరమంటోంది" అని ఇంకొకటి.

రెండింటికీ జవాబు మధ్యలో ఉన్న అల్యూమినియం కోన్‌లోనే ఉంది. ఏ రకం కోన్ కావాలో తెలుసుకుని కొంటే విన్న సౌండే చేతికొస్తుంది. ఆ కోన్ తన చోట సరిగా కూర్చుంటే గరగర పోతుంది. బాడీ ఇత్తడిదా చెక్కదా, ఏ కంపెనీది అన్నవి ఆ తర్వాతి సంగతులు. కాబట్టి కోన్ దగ్గరే మొదలుపెడదాం.

1. ముందు ఆ శబ్దం ఎక్కడ పుడుతుందో చూడండి

మధ్యలో మెరిసే పళ్లెం చూసి ఇది కరెంటుతో పనిచేసే గిటార్ అనుకునేవాళ్లు చాలామంది. కాదు, ఇది అచ్చంగా అకూస్టిక్ వాద్యం. మామూలు అకూస్టిక్ గిటార్‌లో తీగల కదలిక బ్రిడ్జ్ ద్వారా పైచెక్కకు చేరి, ఆ చెక్క గాలిని కదిలిస్తుంది. రెసొనేటర్‌లో ఆ పని చేసేది పల్చటి అల్యూమినియం రేకుతో చేసిన కోన్. తీగలు ఆనే సన్నని పట్టీ, అంటే శాడిల్, నేరుగానో, ఒక చట్రం ద్వారానో దాని మీద నిలబడుతుంది. లౌడ్‌స్పీకర్‌లో కాగితపు కోన్ ఎలా కదులుతుందో ఇక్కడ ఈ రేకు అలాగే కదులుతుంది. బయటికి కనిపించే చిల్లుల కవర్ ప్లేట్ దానికి రక్షణ మాత్రమే.

ఒక తీగను మీటినప్పుడు దానికి మనం ఇచ్చే శక్తి ఇంతే అని ఉంటుంది. కోన్ తేలిక కాబట్టి ఆ శక్తిని త్వరగా గాలిలోకి తోసేస్తుంది. అందుకే మీటగానే శబ్దం గట్టిగా, సూటిగా వస్తుంది. అంతే త్వరగా అది ఖర్చయిపోతుంది కాబట్టి మోత తొందరగా తగ్గుతుంది. గట్టిదనం, నిలిచే మోత ఒకే మూటలోంచి తీసుకునే సొమ్ములు. మూడు రకాల రెసొనేటర్లకూ ఉన్న తేడా, ఏ రకం ఆ సొమ్మును ఎంత వేగంగా ఖర్చు పెడుతుందన్నదే. ఇది అర్థమైతే ఏ గిటార్ విన్నా దాని గుణం పట్టుకోగలరు.

దీని పుట్టుక కూడా గట్టిదనం కోసమే. మైకులు అంతగా లేని రోజుల్లో అమెరికా నృత్యశాలల్లో బాకాలు, డ్రమ్ముల మధ్య గిటార్ వినిపించేది కాదు. జార్జ్ బోషాంప్ అనే స్టీల్ గిటార్ కళాకారుడు గట్టిగా మోగే గిటార్ కావాలని అడిగితే, స్లొవేకియా ప్రాంతం నుంచి వలస వచ్చిన జాన్ డోప్యేరా లాస్ ఏంజెలెస్‌లో మూడు కోన్ల గిటార్ రూపొందించాడు. 1927లో నేషనల్ కంపెనీ పేరుతో అది బయటికొచ్చింది. తర్వాత డోప్యేరా విడిపోయి, అన్నదమ్ములతో కలిసి డోబ్రో పేరుతో వేరే నమూనా తయారుచేశాడు. 1930ల మొదట్లో ఎలక్ట్రిక్ గిటార్ రావడంలోనూ బోషాంప్ చెయ్యి ఉంది. అంటే రెసొనేటర్ అవసరాన్ని తగ్గించినవాళ్లలో దాన్ని అడిగిన మనిషే ఒకడు. అయినా ఈ వాద్యం నిలిచింది. అప్పటికే దాని గొంతు కోసమే దాన్ని వెతుక్కునేవాళ్లు పుట్టుకొచ్చారు.

2. మూడు కోన్లలో మీ సౌండ్ ఏదో తేల్చుకోండి

డబ్బు తీయకముందే చేయాల్సిన పని ఇది. దీనికి ఎన్ని రోజులు పట్టినా పర్వాలేదు.

*బిస్కెట్ బ్రిడ్జ్.* తొమ్మిదిన్నర అంగుళాల వ్యాసం ఉన్న ఒకే కోన్, మూకుడు బోర్లించినట్టు పైకి ఉబ్బి ఉంటుంది. దాని శిఖరం మీద బిస్కెట్ అంత గుండ్రని చెక్క ముక్క, అందులో బిగించిన శాడిల్. తీగల బరువు మొత్తం సూటిగా కోన్ శిఖరం మీదే పడుతుంది. అందుకే ఇది మూడింటిలో అన్నిటికన్నా త్వరగా పలుకుతుంది, త్వరగా ఆగుతుంది. మధ్య స్థాయిలో ఒక మొరటుదనం, అరుపులాంటి పదును ఉంటుంది. బొటనవేలితో బేస్ తీగల మీద తాళం పట్టుకుంటూ వాయించేవాళ్లకు ఆ త్వరగా ఆగే గుణమే వరం, ఎందుకంటే ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ కలిసిపోదు. సన్ హౌస్, బుక్కా వైట్ లాంటి డెల్టా బ్లూస్ కళాకారుల స్టీల్ బాడీ నేషనల్ గిటార్లు ఈ రకమే. డప్పు దరువు విని పెరిగిన చెవికి ఈ గిటార్ తొందరగా నచ్చుతుందని నా అనుభవం.

*ట్రైకోన్.* ఆరేసి అంగుళాల కోన్లు మూడు, వాటిని కలుపుతూ ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో ఒక అల్యూమినియం బ్రిడ్జ్. శక్తి మూడు చోట్లకు పంచబడుతుంది. మొదటి దెబ్బ కాస్త మెత్తగా ఉంటుంది, మోత ఎక్కువసేపు నిలుస్తుంది, పై స్వరాలు తియ్యగా, జిలుగుగా వస్తాయి. హవాయి సంగీతం కోసం పుట్టినదే అయినా టాంపా రెడ్ బ్లూస్‌లో కూడా దీనితోనే పేరు తెచ్చుకున్నాడు. గమకాలు, మీండ్‌లు పలికించాలన్న కోరిక ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ట్రైకోనే. స్లయిడ్ (తీగల మీద జరిపే గాజు లేదా లోహపు గొట్టం) జరిగేంతసేపూ స్వరం బతికి ఉండాలి కదా! చిక్కేమిటంటే ఇందులో భాగాలు ఎక్కువ, ధర ఎక్కువ, గరగర పుట్టే చోట్లు కూడా ఎక్కువ.

*స్పైడర్ బ్రిడ్జ్.* డోబ్రో అని పిలిచేది దీన్నే. ఆ పేరు 1990ల నుంచి గిబ్సన్ కంపెనీది కాబట్టి మిగతావాళ్లు స్పైడర్ అంటారు. పదిన్నర అంగుళాల కోన్, ఈసారి మూకుడు వెల్లకిలా పెట్టినట్టు లోపలికి గుంటగా ఉంటుంది. దాని పైన ఎనిమిది కాళ్ల అల్యూమినియం చట్రం. కాళ్లు కోన్ అంచు మీద ఆనుతాయి, నడుమ ఒక మర చట్రాన్ని కోన్ మధ్యభాగంతో కలుపుతుంది. ముక్కుతో పాడినట్టుండే ఆ ప్రత్యేకమైన స్వరం, బిస్కెట్ కన్నా కొంచెం ఎక్కువ నిలిచే మోత దీని సొత్తు. ఎక్కువగా చెక్క బాడీతో వస్తుంది. బ్లూగ్రాస్, కంట్రీ సంగీతంలో జోష్ గ్రేవ్స్, ఆయన తర్వాతి తరంలో జెర్రీ డగ్లస్ వాయించిన వాద్యం ఇదే.

ఒక పని చేయండి. పైన చెప్పిన నలుగురైదుగురిని మంచి హెడ్‌ఫోన్లతో వరసగా వినండి. ఏది విన్నప్పుడు ఆపకుండా మళ్లీ వింటున్నారో గమనించండి. ఆ కోన్ మీది.

3. మెడ ఆకారం ఆ తర్వాత

గుండ్రని మెడ ఉన్నది మామూలు గిటార్‌లాగే పట్టుకుని వాయించొచ్చు. వేళ్లతో ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు కడ్డీలు) దగ్గర నొక్కొచ్చు, చిటికెన వేలికి స్లయిడ్ తొడుక్కోవచ్చు. చదరపు మెడ ఉన్నది ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, చేతిలో ఇనుప బార్‌తో వాయించేది. దాని తీగలు ఫ్రెట్లకు చాలా ఎత్తులో ఉంటాయి, వేలితో నొక్కి వాయించడం కుదరదు. మొదటి గిటార్ ఇదే అయినవాళ్లు, పాటకు తోడుగా కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) కూడా వాయించాలనుకునేవాళ్లు గుండ్రని మెడే తీసుకోవాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఒడి పద్ధతి మీద మోజుంటే, ఇంట్లో ఉన్న పాత గిటార్ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) మీద పెట్టే ఎత్తు పెంచే లోహపు తొడుగు ఒకటి కొని ప్రయత్నించండి. తక్కువ ఖర్చులో ఆ పద్ధతి మీ చేతికి సరిపడుతుందో లేదో తెలుస్తుంది. అప్పుడు చదరపు మెడ గురించి ఆలోచించొచ్చు.

ఈ ఒడి పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. గోటు వాద్యం అచ్చంగా ఇదే: మెట్లు లేని వీణ మీద కర్రముక్క జరుపుతూ వాయించడం. చిత్రవీణ రవికిరణ్ కచేరీలు విన్నవాళ్లకు స్లయిడ్‌తో కర్ణాటక గమకం ఎంత దూరం వెళ్లగలదో తెలుసు. హిందుస్తానీలో బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని రాగాలు పలికించారు. విశ్వమోహన్ భట్ మోహన వీణ వాయిస్తూ అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ వచ్చింది. ఆయన వాద్యంలో కోన్ లేదు, అది ఆర్చ్‌టాప్ (పైచెక్క ఉబ్బుగా ఉండే) గిటార్‌కు తీగలు చేర్చి చేసుకున్నది. అయినా ఎడమ చేతి పని నేర్చుకోవడానికి వీళ్లను మించిన గురువులు లేరు.

4. బాడీ: ఇత్తడా, స్టీలా, చెక్కా

ఇత్తడి బాడీ బరువు, నిండుదనం ఎక్కువ. స్టీల్ బాడీ కొంచెం పొడిగా, కరుకుగా ఉంటుంది. జర్మన్ సిల్వర్ అనేది రాగి, జింకు, నికెల్ మిశ్రమం, పేరులో తప్ప వెండి ఉండదు. చెక్క బాడీ శబ్దాన్ని వెచ్చబరుస్తుంది. ఇక్కడ ప్లైవుడ్ అన్నమాట చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. మామూలు గిటార్‌లో పైచెక్క గట్టి చెక్క కావడం ముఖ్యం, ఎందుకంటే మోగేది అదే. రెసొనేటర్‌లో మోగేది కోన్, బాడీ దానికి పెట్టె. ఆ పెట్టె గట్టిగా, కదలకుండా ఉంటే చాలు. ఒకే డబ్బులో మెరిసే ఇత్తడి బాడీలో నాసి కోన్, మామూలు ప్లైవుడ్ బాడీలో మంచి కోన్ దొరికితే రెండోదే తీసుకోండి.

బరువు మాత్రం చూసుకోండి. లోహపు బాడీ గిటార్ భుజాన వేసుకుని గంటసేపు నిలబడటం అలవాటయ్యేదాకా కష్టమే.

5. కొనేటప్పుడు చూడాల్సినవి

వరంగల్ దుకాణాల్లో ఇది కనిపించడం అరుదు కాబట్టి హైదరాబాద్ వెళ్లి చూడటమో, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో తప్పదు. వీలుంటే సికింద్రాబాద్ రైలెక్కండి. చేత్తో పట్టుకోకుండా కొనే వాద్యం కాదిది. మధ్యతరగతి ధరల్లో గ్రెచ్, రికార్డింగ్ కింగ్ లాంటి పేర్లు వినబడతాయి, పైస్థాయిలో కాలిఫోర్నియాలోని నేషనల్ రెసో-ఫోనిక్. పేరు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న: కోన్ లేత్ మీద తిప్పి చేసినదా, అచ్చులో వొత్తినదా? తిప్పి చేసిన కోన్ సాధారణంగా బాగా పలుకుతుంది. వొత్తిన కోన్ ఉన్నదైనా మెడ, బాడీ బాగుంటే కొనొచ్చు, కోన్ విడిగా దొరుకుతుంది, తర్వాత మార్చుకోవచ్చు. మెడ వంకరైతే మార్చుకోలేరు.

చేతిలోకి వచ్చాక తీగలన్నీ ఒక్కొక్కటిగా, ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటండి. ఒక చోట మాత్రమే చచ్చిన శబ్దం వస్తే ఆ ఫ్రెట్ సంగతి. అన్నిచోట్లా ఒకే రొద వస్తే కోన్‌దో, మరదో. మొదటి తీగ (అన్నిటికన్నా సన్ననిది) అంచు జారి ఫ్రెట్ బోర్డు పక్కకు పడిపోతోందా చూడండి, అలా అయితే మెడ, బ్రిడ్జ్ ఒకే వరసలో లేవని అర్థం. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అక్కడే నొక్కిన స్వరం ఒకటేనా చూడండి. చివరగా కవర్ ప్లేట్‌ను వేలి కణుపుతో మెల్లగా తట్టండి. వదులు మర ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా తెరిచేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీయండి. రవాణాలో కోన్ జరగడం మామూలే, అది లోపం కాదు. కోన్ నలిగితే మాత్రం వెనక్కి పంపాల్సిందే.

6. కోన్ తీసి, మళ్లీ కూర్చోబెట్టడం

చాలామంది భయపడేది ఈ పనికే. నెమ్మదిగా చేస్తే ఇంట్లో చేసుకోగలిగినదే. తెల్లని దుప్పటి పరిచిన మంచం, ఒక ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, మెత్తని పెయింట్ బ్రష్, మరలు వేసుకోవడానికి ఒక గిన్నె చాలు. ఫ్యాన్ ఆపండి.

ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. కవర్ ప్లేట్ ఏ వైపు తిరిగి ఉందో తెలిసేలా అంచు మీద, బాడీ మీద కలిసేలా చిన్న టేపు ముక్క అంటించి గీత గీయండి. మెడ మీద ఒక కాపో (తీగలను మెడకు అదిమి పట్టే క్లిప్పు) బిగించండి, తీగలు చెల్లాచెదురు కాకుండా ఉంటాయి. అన్ని తీగలనూ కొంచెం కొంచెం చొప్పున సమంగా వదులు చేయండి. ఒక వైపు మొత్తం వదిలి ఇంకో వైపు బిగువు ఉంచితే కోన్ మీద వాలు బరువు పడుతుంది. వదులయ్యాక టెయిల్‌పీస్‌ను (తీగల కొసలు తగిలించే లోహపు ముక్క) తీగలతో సహా పక్కకు తొలగించొచ్చు. తర్వాత కవర్ ప్లేట్ మరలు ఎదురెదురుగా ఉన్నవి జతలుగా విప్పండి.

బిస్కెట్ రకంలో, ట్రైకోన్‌లో కోన్‌ను ఏ జిగురూ పట్టి ఉంచదు, తీగల బరువు ఒక్కటే దాన్ని అంటిపెట్టుకుని ఉంచుతుంది. అందుకే బయటికి తీసేటప్పుడు అంచులు మాత్రమే పట్టుకోండి. శిఖరం మీద వేలు పెట్టి నొక్కితే మళ్లీ మునుపటి ఆకారం రాదు. స్పైడర్‌లో చట్రం, కోన్ మరతో కలిసి ఉంటాయి కాబట్టి రెండూ కలిపి పైకి లేపాలి.

కోన్‌ను అద్దం మీద బోర్లించి అంచు మీద చాలా మెల్లగా వేలు ఆనించండి. ఏ వైపైనా ఊగితే అంచు వంగిందని. అది కూర్చునే గూటి అంచును బ్రష్‌తో శుభ్రం చేయండి. రంగు తుంపర, రంపపు పొట్టు, చిన్న జిగురు బొట్టు చాలు, గరగర పుట్టించడానికి. చెక్క గూడు అయితే సన్నని ఉప్పుకాగితంతో ఒకసారి తేలిగ్గా రుద్దొచ్చు, లోహపు గూడు అయితే గుడ్డతో తుడిస్తే చాలు. బిస్కెట్ కింద ఉన్న మర వదులుగా ఉంటే బిగించండి, చెక్క పగిలేంత కాదు.

కోన్ తిరిగి పెట్టాక పావు వంతు చొప్పున తిప్పి చూడండి. ఏ స్థానంలో అది అంచు చుట్టూ సమంగా ఆనుతుందో అక్కడ ఉంచండి. కవర్ ప్లేట్ మరలు బిగించేటప్పుడు ప్రతి మరనూ ముందు వెనక్కి తిప్పండి, పాత గాడిలో టక్కున దిగాక అప్పుడు ముందుకు తిప్పండి. ఇలా చేయకపోతే చెక్క బాడీలో కన్నాలు లూజవుతాయి. లూజయినదాంట్లో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్ల ముక్క దూర్చి, ఆరాక మళ్లీ బిగించండి.

స్పైడర్ రకానికి ఇంకో పని ఉంది. నడుమ ఉన్న మరను తీగలు వదులుగా ఉన్నప్పుడు బిగించకూడదు. తీగలు పూర్తి శ్రుతికి వచ్చాక, ఆ మర కోన్‌ను తాకి ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి ఇంకో పావు చుట్టు. అంతే. సౌండ్ గట్టిపడుతుందేమో అని ఇంకా తిప్పితే కోన్ బిగుసుకుపోయి గొంతు నొక్కినట్టవుతుంది, కోన్ చిరిగే ప్రమాదమూ ఉంది.

గరగర ఇంకా పోలేదా? కోన్‌ను తప్పుపట్టే ముందు మిగతా అనుమానితులను చూడండి. ట్యూనర్ల పైన ఉండే చిన్న నట్లు, పైభాగంలోని జాలీలు, టెయిల్‌పీస్ దగ్గర పొడుగ్గా వదిలిన తీగ కొసలు, కవర్ ప్లేట్ మీద చెయ్యి ఆనించే పట్టీకి తగులుతున్న తీగ. ఒకరు ఆ స్వరాన్నే మీటుతూ ఉంటే ఇంకొకరు ఈ భాగాలను ఒక్కొక్కటిగా వేలితో అదిమి చూడాలి. ఏది అదిమితే రొద ఆగిందో దొంగ అక్కడే. నేను చూసినంతవరకు ఇత్తడి బాడీ గిటార్లలో సగం రొదలు టెయిల్‌పీస్ కింద ఒక చిన్న ఫెల్ట్ ముక్క పెడితే పోతాయి.

7. తీగల ఎత్తు, వంపు, మందం

శాడిల్ దాటాక తీగ టెయిల్‌పీస్ వైపు కిందికి వంగే కోణం సరిగా ఉండాలి. కోణం తక్కువైతే తీగ శాడిల్ మీద తేలుతూ పల్చగా, రొదగా పలుకుతుంది. మరీ ఎక్కువైతే కోన్ మీద భారం పెరిగి కొన్నాళ్లకు కుంగుతుంది. శాడిల్ గాడి తీగ మందంలో సగం మించి లోతుండకూడదు.

గుండ్రని మెడ మీద స్లయిడ్, వేళ్లు రెండూ వాడేవాళ్లకు 12వ ఫ్రెట్ దగ్గర మందపు తీగ కింద రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు, సన్నని తీగ కింద దానికన్నా అర మిల్లీమీటరు తక్కువ బాగుంటుంది. దానికన్నా తగ్గిస్తే స్లయిడ్ ఫ్రెట్లకు కొట్టుకుంటుంది. మామూలు గిటార్‌లాగా శాడిల్ కింద రేకులు పెట్టి ఎత్తు పెంచే దారి ఇక్కడ లేదు, కొత్త శాడిల్ చెక్కుకోవాలి. గట్టి మేపుల్ చెక్క వాడతారు.

తీగలు: గుండ్రని మెడకు 13 నుంచి 56 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో, సన్నని తీగ నుంచి మందపు తీగ దాకా మందం), కొత్త చేతికి 12 నుంచి 53. చదరపు మెడకు 16 నుంచి 56. మరీ సన్నని ఎలక్ట్రిక్ గిటార్ తీగలు వేస్తే కోన్‌ను కదిలించే బరువే ఉండదు. తీగలు మార్చేటప్పుడు ఒకటి తీసి ఒకటి వేయండి. అన్నీ ఒకేసారి తీశారంటే కోన్ జరుగుతుంది, ఆరో అంకంలోని పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

8. శ్రుతి: మన స్వరాల్లో చూస్తే తేలిక

ఓపెన్ జి అనే శ్రుతితో మొదలుపెట్టండి. మందపు తీగ నుంచి సన్నని తీగ దాకా డి, జి, డి, జి, బి, డి. మామూలు గిటార్ శ్రుతి నుంచి ఆరు, ఐదు, ఒకటో తీగలను ఒక్కో మెట్టు (రెండు ఫ్రెట్ల అంత) కిందికి దించితే చాలు, మిగతావి అలాగే ఉంటాయి. జిని షడ్జమం అనుకుంటే ఇది ప, స, ప, స, గ, ప. తంబురా మీద చెవి పెట్టి కూర్చున్నవాళ్లకు ఇది సొంతింటి శ్రుతిలా ఉంటుంది. ఏమీ నొక్కకుండా అన్ని తీగలూ మీటితే ఒక కార్డ్, 5వ ఫ్రెట్ మీద అడ్డంగా స్లయిడ్ పెడితే మధ్యమం మీద కార్డ్, 7 మీద పంచమం, 12 మీద పై షడ్జమం.

గాంధారం దగ్గర ఒక సంగతి. ఫోన్‌లోని ట్యూనర్ చూపించే బి, షడ్జమంతో కలిపి వింటే కొంచెం ఎక్కువగా, గుచ్చుకున్నట్టు ఉంటుంది. ట్యూనర్ సరే అన్నాక రెండో తీగను చెవితో చూసుకుంటూ వెంట్రుకవాసి దించండి, షడ్జమంతో కలిసి అల కొట్టుకోకుండా నిలిచేదాకా. ఫ్రెట్లతో నొక్కి వాయించే పాటలకు ఇది నప్పదు, స్లయిడ్‌కు మాత్రం అమృతం.

మోహనంతో చెయ్యి తిరుగుతుంది. మూడో తీగ మీద ఖాళీ తీగ స, 2 రి, 4 గ, 7 ప, 9 ధ, 12 పై స. ఒకటో తీగ మీద ఖాళీ తీగ ప, 2 ధ, 5 స, 7 రి, 9 గ. రెండు తీగల మీదా ఆరోహణ, అవరోహణ నిదానంగా వాయించండి.

ఒడి గిటార్ వాళ్లు జి, బి, డి, జి, బి, డి వాడతారు: స, గ, ప రెండుసార్లు. గుండ్రని మెడ గిటార్ మీద మామూలు సెట్‌తో ఈ శ్రుతికి వెళ్లకండి. ఆరో తీగను మూడు అర మెట్లు, ఐదో తీగను రెండు అర మెట్లు పైకి లాగాలి. తీగ తెగుతుంది, లేదా మెడ మీద, కోన్ మీద భారం పడుతుంది.

9. స్లయిడ్ పట్టే చెయ్యి

స్లయిడ్ అంచు ఫ్రెట్ లోహపు కడ్డీకి సరిగ్గా పైన ఉండాలి, వేలితో నొక్కేటప్పటిలా రెండు కడ్డీల మధ్య కాదు. తీగను తాకాలి, నొక్కకూడదు. చిటికెన వేలికి తొడుక్కుంటే మిగతా వేళ్లు ఖాళీగా ఉంటాయి. స్లయిడ్ వెనక చూపుడు, మధ్య వేళ్లు తీగల మీద మెల్లగా ఆనించి ఉంచండి. స్లయిడ్ వెనక మిగిలిన తీగ ముక్క చేసే పిచ్చి శబ్దం పోతుంది. రెసొనేటర్ అంత గట్టిగా మోగే వాద్యంలో ఈ ఆపడమే సగం విద్య. కుడి చేత్తో కూడా, మీటబోయే తీగ తప్ప మిగతావాటి మీద వేళ్లు ఆన్చడం అలవాటు చేసుకోండి.

గాజు స్లయిడ్ మెత్తగా, ఇత్తడిది పదునుగా పలుకుతుంది. ఏదైనా గోడ మందంగా ఉన్నది ఎంచుకోండి. పల్చటిది ఈ మందపు తీగల మీద తేలిపోతుంది. కంపితం చేసేటప్పుడు అసలు స్వరం మధ్యలో ఉండి చెయ్యి రెండు వైపులా సమంగా ఊగాలి. ఒకే వైపు ఊగితే శ్రుతి తప్పినట్టే వినబడుతుంది. శ్రుతి పెట్టె నేపథ్యంలో పెట్టుకుని సాధన చేస్తే చెవి తానే సరిదిద్దుతుంది.

ఫంక్షన్ హాల్లో వాయించాల్సి వస్తే కవర్ ప్లేట్‌కు అడుగు దూరంలో ఒక డైనమిక్ మైక్ చాలు. స్పీకర్లు మీ వెనక కాకుండా ముందు ఉండేలా చూసుకోండి, లేదంటే కోన్ ఆ శబ్దాన్ని పట్టుకుని కూతపెడుతుంది.

10. మన ఎండ, మన వాన

మే నెలలో వరంగల్, రామగుండం ఎండ సంగతి తెలిసిందే. పార్క్ చేసిన కారులో, బండి వెనక ఎండలో లోహపు బాడీ గిటార్ పెట్టకండి. బాడీ అతుకులు సోల్డర్‌తో వేసినవి, మెడ చెక్కది, మూడూ మూడు రకాలుగా వేడికి స్పందిస్తాయి. చాలామంది గమనించని విషయం కూలర్. కూలర్ ముందు గిటార్ పెడితే తడిగాలి నేరుగా తగులుతుంది, స్టీల్ బాడీ లోపల తుప్పు మొదలవుతుంది, మెడ ఉబ్బుతుంది. గదికి అవతలి మూల పెట్టె మూసి పెట్టండి. జూన్ నుంచి పెట్టెలో సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి, నెలకోసారి మార్చండి.

వాయించాక తీగలు, కవర్ ప్లేట్, చెయ్యి ఆనిన చోటు పొడిగుడ్డతో తుడవాలి. చెమటలోని ఉప్పు నికెల్ పూతను తినేస్తుంది. ఇత్తడి అనగానే ఇంట్లో బిందెల్లాగా చింతపండుతోనో, తోమే పొడితోనో రుద్దాలనిపిస్తుంది. అస్సలు వద్దు. పైన ఉన్నది పల్చటి పూత, అది పోతే తిరిగి రాదు. ఫ్రెట్ బోర్డుకు కొబ్బరినూనె కూడా వద్దు, జిడ్డు పట్టి దుమ్ము పేరుకుంటుంది.

బాడీకి సొట్ట పడితే పెంబర్తి తీసుకెళ్తే సరిచేస్తారా అని కొందరు అడుగుతుంటారు. ఇత్తడి రేకును సుత్తితో మలచడంలో ఆ పనివాళ్ల చేతికి సాటి లేదు. కానీ గిటార్ లోపలి భాగాలన్నీ తీసి ఖాళీ బాడీ మాత్రమే ఇవ్వాలి, అతుకుల దగ్గర మంట చూపించవద్దని ముందే చెప్పాలి. సొట్ట కోన్ గూటికి దూరంగా ఉంటే అలాగే వదిలేయడం మేలు, సౌండ్‌కు దానివల్ల వచ్చే నష్టం లేదు.

కాజీపేట నుంచి రైల్లో తీసుకెళ్లాల్సి వస్తే తీగలను ఒక్క మెట్టు మాత్రమే దించండి, పూర్తిగా వదలకండి. పూర్తిగా వదిలితే కుదుపులకు కోన్ పక్కకు జరుగుతుంది. పెట్టె లోపల కవర్ ప్లేట్ మీద ఏ బరువూ ఆనకుండా చూసుకోండి. దిగాక గిటార్ ఆ గది వేడికి అలవాటు పడేదాకా ఆగి, అప్పుడు ఆరో తీగ నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి శ్రుతి చేయండి.